కిష్‌వార్ద పాటల పంతులు

1929లో హంగరీ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ పిల్లల బృందగానం గురించి ఒక వ్యాసం రాశాడు. రాజధాని ఒపెరాకు ఎవరు డైరెక్టరన్న దానికంటే, కిష్‌వార్ద బడిలో పాట నేర్పే పంతులు ఎవరన్నదే ముఖ్యమని అందులో వాదించాడు. కిష్‌వార్ద దేశానికి ఈశాన్యం కొసనున్న చిన్న ఊరు. చేతకాని డైరెక్టరును తీసేస్తే నష్టం అక్కడితో ఆగిపోతుంది. చేతకాని పంతులు మాత్రం ముప్పయ్యేళ్లు కొలువులోనే ఉండి, ఏటా కొత్తగా వచ్చే పిల్లల్లో సంగీతం మీది ఇష్టాన్ని చంపేస్తూ పోతాడు.

ఈ మాట అన్నది బడి పంతులు కాదు. అప్పటికే ‘సాల్ముస్ హుంగారికుస్’ అనే రచనతో యూరప్ అంతా పేరు మోగిన మనిషి. 1907 నుంచి బుడాపెస్ట్ లిస్ట్ అకాడమీలో ఆచార్యుడు. 1875లో ఫ్రాంజ్ లిస్ట్ అధ్యక్షుడిగా మొదలైన ఆ సంస్థకు పియానో విద్వాంసులు, వయొలిన్ విద్వాంసులు, స్వరకర్తలే కీర్తి. కచేరీ చేసేవాడు గొప్ప, బడిలో చెప్పేవాడు తక్కువ అనే అంతరం అన్ని దేశాల సంగీత కళాశాలల్లోనూ ఉన్నదే. కొదాయ్ దాన్ని తలకిందులు చేయాలనుకున్నాడు. కళాకారుడిగా ఎదగలేనివాళ్లు చేరే చోటు బడి కాకూడదు, అక్కడికి మేటి సంగీతజ్ఞులే వెళ్లాలి అన్నది ఆయన పట్టుదల.

ఆ పట్టుదలకు ఒక కారణం ఉంది. 1905 నుంచి ఆయన, ఆ వెంటనే తోటి స్వరకర్త బేలా బార్తోక్, ఫోనోగ్రాఫు మోసుకుని పల్లెలు తిరిగి జానపద గేయాలు సేకరించారు. ఊళ్లలో అంత సంపద ఉండగా, 1925 ప్రాంతంలో ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న అమ్మాయిల బృందమొకటి నాసిరకం పాటలు పాడుతూ ఆయన చెవిన పడింది. రేపు వీళ్లే కదా పిల్లలకు పాట నేర్పేది! ఆ దిగులుతోనే ఆయన పిల్లల బృందాల కోసం వరసగా రచనలు మొదలుపెట్టాడు. 1937లో రెండు గొంతుల పాటల సంకలనం ‘బిసినియా హుంగారికా’ తొలి భాగం, 1943లో స్వరం చూసి పాడే అభ్యాసాలు 333.

పాటల పంతులు కాదలచిన విద్యార్థికి అకాడమీలో అసలు పరీక్ష గొంతుకూ చెవికీనే. వాద్యం సాయం లేకుండా, కాగితం మీది స్వరాన్ని చూడగానే పాడాలి. విన్నది విన్నట్టు రాయాలి. పెదవి కదపకుండా మనసులోనే స్వరాన్ని వినగలగాలి. వీటికి తోడు బృందగానం నడిపించడం, జానపద సంగీతం, బోధనాపద్ధతి, నిజమైన తరగతిలో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం. ఎంత బాగా పియానో వాయించినా, పాడలేని సంగీతజ్ఞుణ్ణి కొదాయ్ పూర్తి సంగీతజ్ఞుడిగా లెక్కించలేదు. ఇన్నేళ్ల తర్వాత చూసినా ఆ కొలమానం సరైనదే అనిపిస్తుంది. పిల్లలు మొదట అనుకరించేది ఎదురుగా ఉన్న గొంతునే.

ఈ బోధనకు వాడిన పనిముట్లన్నీ హంగరీలో పుట్టినవి కావు. ‘దో’ ఏ శ్రుతిలోనైనా ఉండవచ్చనే పద్ధతి, స్వరానికో చేతి గుర్తు ఇంగ్లండులో పాట నేర్పిన సారా గ్లోవర్, జాన్ కర్వెన్‌ల నుంచి వచ్చాయి. పిడికిలి పడితే దో, అరచెయ్యి నేలకు సమంగా చాపితే మీ. షడ్జమాన్ని గాయకుడి శ్రుతికి తగ్గట్టు ఎక్కడైనా నిలుపుకునే మనకు ఇందులో వింతేమీ ఉండదు. తా, తి-తి అనే లయ పలుకులకు మూలం ఫ్రాన్స్‌లోని షెవే పద్ధతి. పాటలు మాత్రం పూర్తిగా హంగరీవే. ఆ పాత జానపద గేయాల్లో చాలావాటికి అయిదే స్వరాలు. మన చెవికి శుద్ధ ధన్యాసి ఛాయ వినిపిస్తుంది. అర్ధస్వరాల ఇరుకు లేని ఆ వరసలో చిన్నపిల్లల శ్రుతి తప్పదని కొదాయ్ దానితోనే మొదలుపెట్టమన్నాడు.

పద్ధతిని తరగతి గదికి తగ్గట్టు మలిచింది ఆయన సహచరులు. యెనో ఆదామ్ 1944లో గాన బోధనపై పుస్తకం తెచ్చాడు. లాయోష్ బార్దోష్ దశాబ్దాల పాటు అకాడమీలో బృందగాన నిర్దేశకులను తయారు చేశాడు. యుద్ధం ముగిశాక, 1950లో, కొదాయ్ పుట్టిన కెచ్‌కెమేత్‌లో మార్తా నెమెష్‌సెగి తొలి సంగీత ప్రాథమిక పాఠశాల నడిపింది. అక్కడ లెక్కల్లాగే పాట కూడా రోజూ ఉండే పాఠం. అరవయ్యో దశకం నడిమికి అలాంటి బడులు దేశంలో వంద దాటాయి. అంతమంది పిల్లల ముందు నిలబడగల టీచర్లు కావాలి. 1960 నుంచి 1981 దాకా అకాడమీలో బడి సంగీత ఉపాధ్యాయ శిక్షణ విభాగాన్ని చూసుకున్నది కొదాయ్ శిష్యురాలు ఎర్జెబెత్ సోన్యి. పారిస్‌లో ఫ్రెంచి స్వరకర్త మెస్సియాన్ దగ్గర చదువుకుని వచ్చిన స్వరకర్త ఆమె. ఒపెరాలు రాస్తూనే పాఠ్యపుస్తకాలూ రాసింది. గురువు కోరుకున్నది సరిగ్గా ఇలాంటి మనిషినే.

1964లో అంతర్జాతీయ సంగీత విద్యా సమాఖ్య సమావేశం బుడాపెస్ట్‌లో జరిగినప్పుడు, పదేళ్లు కూడా నిండని పిల్లలు కాగితం చూసి పాడటం విదేశీ అతిథులు కళ్లారా చూశారు. ఆ తర్వాత అమెరికా నుంచి, జపాన్ నుంచి టీచర్లు హంగరీకి నేర్చుకోవడానికి వచ్చారు. 1967లో కొదాయ్ కన్నుమూశాడు. 1975లో ఆయన పేరిట కెచ్‌కెమేత్‌లో, ఒక పాత ఫ్రాన్సిస్కన్ మఠంలో, శిక్షణ సంస్థ మొదలైంది. 2005లో అది లిస్ట్ అకాడమీలో భాగమైంది. సొంతగడ్డ మీద మాత్రం కథ అంత సాఫీగా సాగలేదు. 1990 తర్వాత సంగీత ప్రాథమిక పాఠశాలలు తగ్గుతూ వచ్చాయి. 2016లో యునెస్కో ఈ పద్ధతిని అమూర్త వారసత్వ పరిరక్షణలో అనుసరించదగిన వాటి జాబితాలో చేర్చింది. తమ బళ్లలోనే సన్నగిల్లుతున్న ఆ పద్ధతిని నేర్పమంటూ దూరదేశాల టీచర్లు ఇప్పటికీ కెచ్‌కెమేత్ మఠం తలుపు తడుతున్నారు.