ఒంటరి నావికుని రాత్రి జాములు

రాత్రిని జాములుగా విభజించి, ఒకరు నిద్రించే వేళ మరొకరు మేలుకొని ఉండే ఏర్పాటు కోటకైనా ఓడకైనా ఒక్కటే. ఓడలలో ఈ కావలి సంప్రదాయికంగా నాలుగేసి గంటల వంతులుగా సాగుతుంది. అందుకు కనీసం ఇద్దరు మనుషులు కావాలి. ఆ రెండవ మనిషి లేకుండా మహాసముద్రాన్ని దాటదలచినవాడు రాత్రిని ఎవరికి అప్పగించాలి? ఏకాకి నౌకాయాన చరిత్ర చాలావరకు ఈ ప్రశ్నకు వెతికిన సమాధానాల చరిత్ర.

1895 ఏప్రిల్ 24న జాషువా స్లోకం తన 51వ యేట బోస్టన్ రేవు నుండి 'స్ప్రే' అనే తెరచాప నౌకలో ఒంటరిగా బయలుదేరాడు. నౌక పొడవు 37 అడుగులకు లోపే. అజోర్స్ దీవులు దాటి జిబ్రాల్టర్ వైపు సాగుతుండగా, ఒక రాత్రి పెనుగాలిలో తీవ్రమైన కడుపునొప్పితో ఆయన గదిలో నేలపై పడిపోయాడు. తెలివి వచ్చి బయటకు చూస్తే చుక్కాని వద్ద ఎవరో నిలబడి ఉన్నారు. కొలంబస్ వెంట నడిచిన 'పింటా' నౌకకు మార్గదర్శకుడనని ఆ వ్యక్తి చెప్పుకొన్నట్లు స్లోకం తన గ్రంథంలో వ్రాశాడు. తెల్లవారాక చూస్తే నౌక దారి తప్పలేదు. మనిషి జ్వరపీడిత భ్రాంతిలో ఉన్నా నౌక సమతూకం చెడలేదు. తెరచాపలను సరిచేసి చుక్కానిని కట్టివేస్తే తనంత తానే దిశను నిలుపుకొనే గుణం దానికుండేది. తరువాత థర్స్‌డే దీవి నుండి కీలింగ్ కోకోస్ దీవుల వరకు 2,700 మైళ్ళను 23 రోజులలో దాటినప్పుడు, ఆయన చుక్కాని పట్టినది మొత్తం మీద మూడు గంటలకు లోపే.

అయితే దారి తప్పకపోవడం వేరు, ఎదురయ్యేదానిని చూడడం వేరు. మాగెల్లాన్ జలసంధిలో లంగరు వేసిన రాత్రులలో స్లోకం నౌక పైతట్టు మీద తివాచీ మేకులు చల్లి నిద్రించాడు. చీకటిలో నౌక ఎక్కినవారు మేకులు గుచ్చుకొని వేసిన కేకలే ఆయనను మేల్కొలిపాయి. నడిసముద్రంలో ఎదురు వచ్చే ఆవిరి ఓడను మేకులు ఆపలేవు. 1898 జూన్‌లో భూప్రదక్షిణ ముగించిన ఆయన, తరువాతి కాలంలో అదే నౌకలో ఒంటరిగా వెళ్ళి మరల కానరాలేదు. రాత్రివేళ ఏదో ఓడ ఢీకొని ఉండవచ్చుననేది నేటికీ వినవచ్చే ఊహలలో ఒకటి.

1972 నాటి అంతర్జాతీయ నియమావళిలోని ఐదవ నియమం ప్రకారం ప్రతి నౌకా అన్ని వేళలా చూపుతోను, వినికిడితోను కావలి కాయవలసినదే. దీనిని అక్షరాలా పాటించడం ఏకాకికి అసాధ్యం. 2012 నవంబరు 1న ముంబయి నుండి 'మాదేయీ' నౌకలో బయలుదేరి, 2013 మార్చి 31న ఎక్కడా ఆగకుండా భూప్రదక్షిణ పూర్తిచేసిన తొలి భారతీయుడు అభిలాష్ టోమీకి కూడా ఈ నియమమే వర్తించింది. సుమారు ఐదు నెలలు నిద్ర లేకుండా ఎవరూ ఉండలేరు. అందుకే ఏకాకి నావికులు ఓడల మార్గాలలో ఇరవై నిమిషాలకొకసారి లేచి దిగంతాన్ని పరికించడం అలవాటు చేసుకొన్నారు. నేడు రాడార్ హెచ్చరికలు కొంత తోడు నిలుస్తున్నాయి.

అయినా ఆ ఇరవై నిమిషాల నిద్ర, ఎదుటి ఓడలో ఎవరో మేలుకొని ఉన్నారన్న నమ్మకం మీదనే ఆధారపడుతుంది. ఒంటరి యాత్రలోనూ రెండవ కావలివాడు ఉన్నాడు. అయితే అతడు వేరొకరి ఓడలో ఉన్నాడు.