అంబాసిడర్ పంపు మీద తడిగుడ్డ ఎందుకు?

మన పల్నాడులో రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా తెలుసు కదా! అలాంటి ఎండలో పాత పెట్రోల్ అంబాసిడర్ ఆగిపోతే, డ్రైవర్లు బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్లు. ఎందుకంటే, వేడికి పైపులో పెట్రోల్ ఆవిరయ్యేది. పంపు ఆవిరిని లాగలేదు. ప్రెజర్ పడిపోయి ఇంజిన్ ఆగేది.

2000 తర్వాత ఇంజెక్షన్ కార్లు మామూలయ్యాయి. పంపు ట్యాంకులోకి వెళ్లింది, ప్రెజర్ దాదాపు 3 బార్‌కి పెరిగింది. ఆవిరి గొడవ చాలావరకు పోయింది.

కానీ ఈ పంపుని చల్లబరిచేది ట్యాంకులో పెట్రోలే! రోజూ రిజర్వ్‌లో తిప్పితే పంపు వేడెక్కి త్వరగా పాడవుతుంది. ప్రెజర్ తగ్గితే పికప్ పోతుంది. రెగ్యులేటర్ చెడి ప్రెజర్ ఎక్కువైతే నల్లపొగ వస్తుంది, మైలేజ్ పడిపోతుంది.

ఇప్పుడు తడిగుడ్డతో పని జరగదు. అమరావతి నుంచి మాచర్ల బయల్దేరేముందే పెట్రోల్ ముల్లు చూసుకోండి.