దారి ఇచ్చినట్టా? తప్పించినట్టా?

మా అమ్మాయి ఇంటర్లో చేరగానే సైకిలు మీద కాలేజీకి వెళతానంది. "లారీల మధ్యనా? వద్దుగాక వద్దు" అన్నాను. "సైకిళ్ళకి వేరే దారి ఉంటే పంపిస్తావా అమ్మా?" అంది. "నిక్షేపంగా!" అన్నాను. అన్నానేగాని, ఆ ఒక్కమాట వెనక ఇంత చరిత్ర ఉందని నాకప్పటికి తెలీదు.

1934 డిసెంబరులో లండన్ పడమటి వైపు, వెస్టర్న్ ఎవెన్యూ పక్కన, సైకిళ్ళకోసం ప్రత్యేకంగా రెండున్నర మైళ్ళ బాట వేశారు. ప్రారంభించింది సాక్షాత్తూ రవాణా మంత్రి హోర్ బెలీషా. సైకిలు వాళ్ళు ఎగిరి గంతేసి ఉంటారనుకుంటాం కదూ? లేదు సుమండీ! సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్బు వాళ్ళు అడ్డం తిరిగారు. ఇవాళ పక్కన బాట వేసినవాళ్ళు రేపు రోడ్డెక్కొద్దంటారని వాళ్ళ భయం. అది ఉత్త భయమేం కాదు. అదే ఏడాది జర్మనీలో, బాట ఉన్నచోట సైకిలు దానిమీదే పోవాలని చట్టమే చేశారు. నలభై ఏళ్ళ తరవాత అమెరికాలో జాన్ ఫారెస్టర్ అనే ఇంజనీరు, సైకిలూ ఒక బండే, అన్ని బండ్లతోపాటూ రోడ్డుమీదే నడవాలని వాదించి, 1976లో ఏకంగా పుస్తకమే రాశాడు.

ఇదంతా చదువుతుంటే నాకు మన బస్సుల్లో ఆడవాళ్ళ సీట్లు గుర్తొచ్చాయి. అవే లేకపోతే కాలేజీ రోజుల్లో నాకు కూర్చునే భాగ్యం ఉండేది కాదు. కాని ఒకసారి అవి నిండిపోయి వెనక సీట్లో కూర్చుంటే, "మీకు వేరే ఉన్నాయిగా!" అని ఓ పెద్దమనిషి నన్ను లేపేశాడు. కాసిని సీట్లిచ్చి మిగతా బస్సంతా రాయించుకున్నారన్నమాట!

అయితే హాలెండు సంగతి చదివాక నోరు పెగల్లేదు. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా పోతే, అందులో 400 మందికి పైగా పిల్లలే. తల్లులూ తండ్రులూ వీధికెక్కారు. ఉద్యమం పేరే 'పిల్లల హత్యలు ఆపండి'. 1973లో చమురు కరువు తోడయింది. ఆ దశాబ్దంలోనే టిల్బర్గులో, హేగులో నమూనా సైకిలు బాటలు వచ్చాయి. చిత్రమేమిటంటే, బోర్డు పెట్టినచోట బాటమీదే పోవాలన్న నియమం అక్కడా ఉంది. కాని ఆ బాటలు నున్నగా, వెడల్పుగా, ఊరంతా అల్లుకుని ఉంటాయి. అలాంటి దారిలో పొమ్మంటే ఎవరికి చేదు?

మనకీ 2023లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల బాట వచ్చింది, పైన సౌర ఫలకాల కప్పుతో సహా. ఎండ తగలదు, బావుంది. మా అమ్మాయి కాలేజీ అటు లేదు, అంతే!

నిన్న దానికి సైకిలు కొన్నాం. అది వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. రోడ్డుమీద దాని హక్కు ఎవరూ లాక్కోకూడదని మనసు ఒకపక్క అంటూనే ఉంది. రెండోపక్క, దేవుడా, దీనికో వేరే దారి చూపించవూ అని మొక్కుకుంటోంది.