తాపీ, సుతారి, బేల్దారి: పూతపనివారి పేర్లలో దాగిన శిక్షణ చరిత్ర

తెలుగునాట గోడ కట్టి పూత పూసే పనివానికి ఒకే పేరు లేదు. కోస్తా జిల్లాలలో అతడు తాపీమేస్త్రీ, తెలంగాణలో సుతారి, రాయలసీమలో బేల్దారి. పని ఒకటే అయినా మూడు ప్రాంతాలు మూడు వేర్వేరు పనిముట్లను పట్టుకొని అతనికి పేరు పెట్టాయి. మాండలిక భేదాల పట్టికలో ఈ పదాలను చేర్చి ఊరుకోవడం సులభం. అయితే ఈ పేర్లు ఆ వృత్తిలో పనివాడు ఎలా తయారవుతాడో, కూలి ఎక్కడ ఆగిపోతాడో కూడా చెబుతాయని నా అభిప్రాయం. రాజులు కట్టించిన సౌధాల చరిత్ర మనకు విస్తారంగా ఉంది. గోడకు సున్నం పూసినవాడు ఆ పని ఎవరి దగ్గర, ఏ క్రమంలో నేర్చాడన్న చరిత్ర మాత్రం పదాలలోనే మిగిలింది.

ముందుగా బేల్దారి. పారసీకంలో ‘బేల్’ అంటే పార, ‘దార్’ అంటే ధరించినవాడు. అంటే మూలార్థంలో బేల్దారు పార పట్టి మట్టి తవ్వే, మాలు కలిపే కూలి మాత్రమే. ఆ మాట రాయలసీమకు వచ్చి గోడను మట్టానికి తెచ్చే పనివానికి పేరైంది. భాషాశాస్త్రంలో దీనిని అర్థోత్కర్షకు ఉదాహరణగా చూపవచ్చు. కూలివాని పేరు మేస్త్రీ పేరుగా ఎదగడానికి ఆ వృత్తిలో కూలి మేస్త్రీగా ఎదిగే దారి తెరిచి ఉండటమే కారణమని ఊహించడం అసంగతం కాదు. సుతారి కథ వేరు. సంస్కృత సూత్రధార శబ్దం నుంచి వచ్చిన ‘సుతార్’ మరాఠీలో వడ్రంగి. తెలంగాణలో అదే మాట గోడపనివానికి చెల్లింది. సూత్రం అంటే కొలత నూలు. రంధా పట్టినా తాపీ పట్టినా నూలు పట్టడం తెలిసినవాడే పనికి అధికారి అన్న భావం ఇందులో ఉంది. ఇక మేస్త్రీ పోర్చుగీసు ‘మెస్త్రె’. నేర్పేవాడు, పనిలో ఆరితేరినవాడు అని దానికి అర్థం.

తాపీ విషయంలో చర్చకు అవకాశం ఉంది. హిందీ ‘థాపీ’ గచ్చును, గోడను చరిచే చదునైన చెక్క. తెలుగు తాపీ ఇనుప రేకు గల పనిముట్టు. పనిముట్టు మారి పేరు నిలిచిందని ఒక వాదం చేయవచ్చు. బంగారు తాపడం వంటి మాటలలోని ‘తాపడం’తో దీనికి సంబంధం ఉందని మరొక వాదం. ఒకదానిపై మరొక పొరను అతికించడం అన్న అర్థం పూతపనికి చక్కగా సరిపోతుంది. ధ్వనిసామ్యం, ఉత్తరాది నుంచి వచ్చిన సాటి పదాల బలం చూస్తే నేను మొదటి వాదం వైపే మొగ్గుతాను. తాపడం అనే దేశీయ పదం అప్పటికే వాడుకలో ఉండటం వల్ల వచ్చిన మాట ఇక్కడ సులభంగా కుదురుకొని ఉండవచ్చు.

పదార్థాల పేర్లలోనూ ఇదే కలగలుపు కనిపిస్తుంది. గచ్చు పారసీక ‘గచ్’. మొదట అది పూతకు వాడే జిప్సం లేదా సున్నం. తెలుగులో క్రమంగా కాలి కింది నేల అయింది. తెలంగాణ ‘గిలాబు’లో పారసీక ‘గిల్’ (మట్టి), ‘ఆబ్’ (నీరు) ఉన్నాయి. సిమెంటు పూతను కూడా ఇప్పటికీ గిలాబు అనే అంటారు. గారకు మాత్రం తమిళంలో కారై, కన్నడంలో గారె తోడున్నాయి. పళ్ళకు పట్టే గారలో కూడా ఆ మాటే ఉంది. పండితభాషలో సున్నానికి సుధ అని పేరు. సుధతో పూత పూసినది సౌధం. మనం మేడ అన్న అర్థంలో వాడే ఈ మాటకు మూలంలో ఎత్తుతో గాని అంతస్తులతో గాని పని లేదు. పూత ఉండటమే సౌధ లక్షణం.

శాస్త్రగ్రంథాలు ఈ పూతను ఉపేక్షించలేదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించి పచ్చి వెలగకాయలు, బూరుగుపూలు మొదలైనవాటిని నీటిలో కాచి ఎనిమిదో వంతుకు దించమన్నాడు. విష్ణుధర్మోత్తరం తృతీయఖండం ఇటుకపొడి, మట్టి, గుగ్గిలం, మైనం, బెల్లం కలిసిన మిశ్రమాన్ని నెలరోజులు నాననివ్వమంటుంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో దున్నచర్మం కాచి తీసిన జిగురును చెప్పాడు. వస్తువులు, పాళ్ళు, వ్యవధి అన్నీ ఉన్నాయి. కాచినవాడు, కలిపినవాడు, నెలపాటు కనిపెట్టుకొని ఉన్నవాడు ఈ వర్ణనలలో లేరు. లేపాక్షి వీరభద్రాలయంలోని 16వ శతాబ్దపు చిత్రాలను చూసి చిత్రకారుని మెచ్చుకొనే మనమూ అదే పని చేస్తున్నాం. ఆ రంగులు నిలిచినది సున్నపు పూత మీద.

సున్నపు పనిలో కూలివాని శిక్షణకు బడి గానుగే. రాతిసున్నమైనా గుల్లసున్నమైనా ముందు బట్టీలో కాల్చాలి. సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో శుద్ధమైన సున్నపురాయి తన బరువులో 44 శాతం కోల్పోతుంది. కాలిన రాయిని నీటితో విరిస్తే అది సెగలు కక్కుతూ పొడిగా గాని ముద్దగా గాని మారుతుంది. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి, గుండ్రటి కాలువలో ఎద్దులు లాగే రాతిచక్రం కింద నూరితే గానుగసున్నం. తెలంగాణలో డంగుసున్నమన్నదీ ఇదే. కరక్కాయ నీరు, బెల్లపు నీరు, జనుము పీచు వంటివి పనిని బట్టి చేరేవి. మద్రాసు సున్నపుపూతగా పేరొందిన నున్నని పనిలో చివరి పొరకు గుల్లసున్నంతో గుడ్డులోని తెల్లసొన, పెరుగు, నెయ్యి కలిపి, బలపపురాతి పొడి అద్ది నున్నని రాయితో మెరుగుపెట్టేవారు.

ఇక్కడ గమనించవలసినది కాలం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ మెల్లగా గట్టిపడుతుంది. తడి ఆరకుండా కప్పి ఉంచితే ముద్ద రోజుల తరబడి పనికి వస్తుంది. కాబట్టి మేస్త్రీకి తొందర లేదు, కూలికి తీరిక ఉంది. గానుగ వద్ద నిలిచిన కుర్రవాడు ముద్దను వేళ్ళ మధ్య నలిపి పాకం తెలుసుకొంటాడు. చెడితే మళ్ళీ నూరవచ్చు. తప్పు చేయడానికి చోటున్న పదార్థం అది. చెయ్యి తిరగడానికి అంతకంటె మంచి పదార్థం దొరకదు.

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. 1914లో పోర్‌బందరులో సిమెంటు ఉత్పత్తి మొదలైంది. తరువాతి దశాబ్దాలలో మన ఊళ్ళలో గానుగలు ఒక్కటొక్కటిగా ఆగాయి. బలం, ధర అన్న కారణాలు అందరికీ తెలిసినవే. పనివారి మధ్య సంబంధాన్ని మార్చినది మాత్రం బిగింపు వేగం. మన ప్రమాణాల ప్రకారం సాధారణ సిమెంటు తొలి బిగింపు 30 నిమిషాలకు ముందు మొదలు కాకూడదు, 10 గంటలలోపు ముగియాలి. నీరు తగిలిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. బిగిసిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే మెత్తబడినట్టు కనిపిస్తుంది గాని బలం పోతుంది.

దీనితో మేస్త్రీ నేర్పు సగం కూలి చేతిలోకి వెళ్ళింది. ఇసుక జల్లించి, పొడి పాళ్ళను రంగు ఒకటయ్యేదాకా తిరగేసి, మేస్త్రీ గంటలోపు గోడకు ఎక్కించగలిగినంతే కలపడం కూలి బాధ్యత. ఎక్కువ కలిపితే సరుకు పోతుంది, తక్కువైతే పూత మధ్యలో ఆగి అతుకు గీత పడుతుంది. గోడను ముందుగా తడపాలి. ఎండిన ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తే పూత గుల్లబారుతుంది. పైకప్పు ముందు, గోడలు తరువాత, గోడలో మళ్ళీ పైనుంచి కిందికి అన్న క్రమం తెలిసిన కూలి పరంజా ఎప్పుడు మార్చాలో అడగకుండానే చూసుకొంటాడు. కింద గోనెపట్టా పరచి రాలిన మాలును ఆ వేళకే పైకి అందిస్తాడు. మేస్త్రీ గుండుతో నిలువు చూసి గోడ మీద అక్కడక్కడ ఆనవాలు ముద్దలు పెట్టి, వాటి మధ్య మాలు విసిరి, బద్ద లాగి, రుద్దుడు చెక్కతో తిప్పుతాడు. లోపలి గోడకు సాధారణంగా 12 మిల్లీమీటర్ల మందం. ఈ వరుసలో ఎక్కడా ఒక తట్ట ఆలస్యం కారాదు. చురుకైన పూతపని అంటే మేస్త్రీ చేతివేగం అనుకొంటాం. నిజానికి అతడు వెనక్కి తిరిగి ‘మాలు’ అని కేక వేయవలసిన అవసరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే పని తీరు తేలుతుంది.

మరి ఈ కూలికి తాపీ ఎప్పుడు దక్కుతుంది? సాధారణంగా తరువాత పలకలు అతికించబోయే స్నానాలగది గోడ అతని మొదటి పలక. గరుకుగా ఉన్నా ఫరవాలేని చోటు అది. తరువాత మాలు విసరడం, ఆపై బద్ద లాగడం, అంచులు, చివరకు పైకప్పు. పార, తాపీ, నూలు, ఆపైన నేర్పడం. పైన చెప్పిన నాలుగు పేర్లూ ఇదే మెట్ల వరుసలో కూర్చుంటాయి. ఇది యాదృచ్ఛికం కావచ్చు. మూడు ప్రాంతాలు కూడబలుక్కొని పేర్లు పెట్టలేదు. కాని వేర్వేరు మెట్ల పేర్లు మొత్తం వృత్తికి పేర్లు కాగలిగాయంటే ఆ మెట్లు ఒకే మనిషి ఎక్కేవని సమాజానికి తెలుసు.

అందరూ ఎక్కలేదు. మాలు మోసేవారిలో, ఇసుక జల్లించేవారిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇరవై ఏళ్ళు తట్ట అందించి, మాలు పాకాన్ని మేస్త్రీ కంటె నిక్కచ్చిగా చెప్పగల స్త్రీకి కూడా తాపీ చేతికి రావడం అరుదు. సిమెంటు తెచ్చిన తొందర దీనికి ఒక సాకు. నేర్పే తీరిక లేదంటారు. ఆ తీరిక ఉన్న సున్నపు కాలంలోనూ ఆమె గానుగ దగ్గరే ఉండిపోయింది కనుక సాకును సాకుగానే చూడాలి.

1998లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వంటి సంస్థలు ఈ శిక్షణను తరగతి గదికి తెచ్చాయి. మరోవైపు పాత పదార్థం కూడా తిరిగి వచ్చింది. 2013లో మొదలైన కుతుబ్‌షాహీ సమాధుల పరిరక్షణలో ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్ పనివారు వెనుకటి మరమ్మతుల సిమెంటును తొలగించి సున్నం పూశారు. 1591 నాటి చార్మినారు మీనారు నుంచి 2019 మే నెలలో సున్నపు అలంకారం ఒక ముక్క విరిగి పడినప్పుడు సున్నం పని తెలిసిన చేతుల అవసరం మళ్ళీ అందరికీ కనిపించింది.

మన నిఘంటుకృషిలో ఈ వృత్తికి స్థానం దక్కకపోలేదు. బ్రౌను 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు అన్యదేశ్యాలకు గౌరవమిచ్చింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశ పరంపరలో భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో దారి వేయగా, బూదరాజు రాధాకృష్ణ వాస్తుపదాలను సంకలించారు. ఆ కృషిలో ఎక్కువ భాగం వస్తువుల పేర్లది, పనిముట్ల పేర్లది. మేస్త్రీ కూలికి రోజంతా చెప్పే మాటలు, అంటే మాలు పలచనైందని, బిగుసుకొందని, గోడ పీల్చిందని, బద్ద మింగిందని హెచ్చరించే క్రియలు వేరుగా సేకరించవలసినవి. గానుగ తిరుగుతుండగా ఆ మాటలు విన్నవారు ఇప్పుడు వృద్ధులు.