రోడ్డుమీద వరద

కృష్ణకు వరద రావడం విజయవాడవారికి క్రొత్త కాదు. ఎగువను వానలు కురిసిన కొంతకాలమునకు వరద అల ప్రకాశం బ్యారేజిని చేరును. బందరు రోడ్డు, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి కలియు బెంజి సర్కిలు వద్ద మరొక వరద కలదు. అది లారీలు, బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్ల వరద. ఈ రెండు వరదలకు ఒకే గణితము వర్తించుననిన ఆశ్చర్యము కలుగవచ్చును.

1955లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన లైట్‌హిల్, విథమ్ అను శాస్త్రజ్ఞులు జంట వ్యాసములు ప్రకటించిరి. మొదటిది పొడవైన నదులలో వరద కదలికను గూర్చినది. రెండవది రద్దీ రోడ్లపై వాహనముల నడకను గూర్చినది. నదిలో వరద అల నీటికంటె వేగముగా ముందుకు సాగును. రోడ్డుపై రద్దీ అల వాహనములకంటె నెమ్మదిగా సాగును. రద్దీ మిక్కుటమైనచో అల వెనుకకే పాకును. ముందున్నవాడు బ్రేకు వేయగా వెనుకవాడు ఒక క్షణము ఆలస్యముగా, మరికొంత గట్టిగా వేయును గదా!

1992లో జర్మనీకి చెందిన నాగెల్, ష్రెకెన్‌బర్గ్ ఈ సంగతిని కంప్యూటరులో అనుకరించిరి. రోడ్డును 7.5 మీటర్ల గళ్లుగా విభజించి నాలుగు నియమములు పెట్టిరి: వేగము ఒకటి పెంచుము, ముందున్న ఖాళీని మించకుము, అప్పుడప్పుడు కారణము లేకయే ఒకటి తగ్గించుము, కదలుము. మూడవ నియమమే మనిషి పరాకు. అది లేనిచో, కార్లు మరీ క్రిక్కిరియనంతవరకు ప్రవాహము సాఫీగా సాగును.

దీనిని తరగతిలో చేసి చూడవచ్చును. ముప్పది గళ్ల వలయము గీసి ఎనిమిది చింతగింజలు పెట్టుడు. అత్యధిక వేగము రెండు గళ్లు. ప్రతి గింజకు పాచిక వేసి, ఒకటి గాని రెండు గాని పడిన వేగము తగ్గించి, అన్నిటిని ఒకేసారి కదపుడు. కొన్ని గింజలకు పాచిక మానినచో అవియే స్వయంచాలక కార్లు; అదియే మిశ్రమ ట్రాఫిక్ నమూనా.

నిజమైన కార్లతోను పరీక్షలు జరిగినవి. జపానులో సుగియామా బృందము 230 మీటర్ల వలయముపై 22 కార్లను నడిపించెను. ఏ అడ్డంకియు లేకయే రద్దీ అల పుట్టెను. ఆ ఫలితము 2008లో వెలువడినది. తరువాత అమెరికాలోని అరిజోనాలో ఇట్టి వలయమునందే సుమారు ఇరవై కార్లలో ఒక్కదానిని యంత్రము నడుపగా అల అణగిపోయెను. ఇది 2018లో ప్రకటింపబడినది.

అయిన మన రోడ్డు ఒకే వరుస గళ్లుగా ఉన్నదా? యంత్రము జాగ్రత్తకై విడిచిన ఖాళీలోనికి ఆటో దూరును. యంత్రము మరల వెనుకకు తగ్గును. ఆ ఖాళీలోనికి మోటారు సైకిలు వచ్చును. అల నణచవలసిన కారే అలను పుట్టింపవచ్చును. కావున మనకు సన్నని గళ్లు, పలు పరిమాణముల బండ్లు, ప్రక్కకు జరుగు నియమములు గల నమూనాలు కావలెను.

ఇందుకు మొదటి పని మన రోడ్లను యంత్రమునకు చూపుట. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాదు, బెంగుళూరు ప్రాంతపు రోడ్లనుండి పదివేల చిత్రములు సేకరించి, వానిలోని వస్తువులను 34 రకములుగా గుర్తించిరి. 2022 జూలైలో కందిలోని ఐఐటీ హైదరాబాదు ఆవరణలో స్వయంచాలక వాహనముల పరీక్షాస్థలము ప్రారంభమైనది.

గళ్ల కాగితముపై పొరపాటు జరిగిన గింజను తీసి మరల పెట్టవచ్చును. బందరు రోడ్డుపై జరిగిన పొరపాటును దిద్దుట సాధ్యము కాదు. అందుచేతనే అనుకరణ ముందు, రోడ్డు తరువాత.