కృష్ణా డెల్టా పెరటి తోటలలో శీతాకాలపు పనులు

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతమైన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలలో కార్తీకం చివరి నుండి మాఘం వరకు, అనగా ఇంచుమించు నవంబరు నెలాఖరు నుండి ఫిబ్రవరి వరకు, ఇంటి పెరటిలో చేసే తోటపనులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇక్కడ నీరు గడ్డకట్టే చలి ఉండదు. జనవరి రాత్రులలో సైతం ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపులలోనే ఉంటుంది. శీతల దేశాలలో ఇది తోటకు విశ్రాంతి కాలం కాగా, ఇక్కడ ఇదే కూరగాయలకు ప్రధానమైన కాలం. చలి నుండి మొక్కను కాపాడవలసిన అవసరం లేదు. వానలు వెనుదిరిగిన తరువాత నేలలో పైకి వచ్చే ఉప్పు నుండి కాపాడుకోవాలి.

నేల, ఉప్పు

గుడివాడ వైపు నల్లని బంకనేలలు, దివిసీమలో ఒండ్రు నేలలు, మచిలీపట్నం తీరాన ఇసుక కలిసిన ఉప్పు నేలలు ఎక్కువ. వర్షాలకు అడుగుకు దిగిన లవణాలు, పైనేల ఆరుతున్న కొద్దీ తేమతోపాటు పైకి వస్తాయి. నీరు ఆవిరి కాగా తెల్లని పొరగా మిగులుతాయి. ఈ పొర కనిపించిన తరువాత చేయగలిగినది తక్కువ. కనుక నేల ఇంకా చెమ్మగా ఉండగానే పాదులను మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుగడ్డితో కప్పాలి. వరికోతలు ఆ రోజులలోనే జరుగుతాయి కనుక గడ్డికి కొరత ఉండదు. చెదలు పట్టకుండా కాండం చుట్టూ జానెడు ఖాళీ వదలాలి. రాలిన ఆకులన్నిటినీ భోగిమంటలో వేయడం కంటె పాదులలో పరచడమే మేలు.

రోజూ పైపైన చిలకరించే నీరు ఉప్పును వేళ్ళ దగ్గరే పోగుచేస్తుంది. కొన్ని రోజులకు ఒకసారి, లోతుగా ఇంకేలా పెట్టడం మంచిది. బోరునీరు ఉప్పగా ఉన్న ఇళ్ళలో మంచినీటిని చిక్కుడుకు, మిరపకు కేటాయించాలి. కొబ్బరి, సపోటా, పాలకూర కొంత ఉప్పును ఓర్చుకుంటాయి. చౌడు నేలకు జిప్సం వేయదలచినవారు ముందుగా మట్టి పరీక్ష చేయించాలి. జిప్సం వేసిన తరువాత చౌడు అడుగుకు దిగడానికి మంచినీరు కావాలి, కనుక ఆ పనిని వేసవికి వాయిదా వేయరాదు. ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.

తుఫాను తరువాత

దివిసీమను ముంచెత్తిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. నవంబరు ఈ తీరంలో తుఫానుల నెల. లేత నారును ఎత్తు మడులపై పోసి, వాయుగుండాల భయం తగ్గిన తరువాత నాటడం క్షేమం. కూలిన కొబ్బరి మొద్దులను పెరటిలో కుళ్ళనివ్వరాదు. వాటిలోను, పాత పెంటపోగులలోను కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది.

కూరగాయలు

టమాట, వంగ, మిరప, ముల్లంగి, కొత్తిమీర, మెంతికూర ఈ కాలంలో బాగా వస్తాయి. పందిరి చిక్కుడు పగటి నిడివి తగ్గినపుడే పూతకు వస్తుంది. ముందుగా విత్తినంత మాత్రాన ముందుగా కాయదు, తీగ మాత్రం పెరుగుతుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసే ఆచారం ఈ పంట కాలానికి సరిపోయింది. చిక్కుడుకు పేనుబంక పట్టినపుడు ఉదయం మంచు తడి ఆరకముందే బూడిద చల్లడం పాత పద్ధతి. ఆకులపై పలుచగా చల్లితే దోషం లేదు. బూడిద క్షారం కనుక చౌడు నేలలో మొదట్లో కుప్పగా పోయరాదు.

మామిడి, మల్లె

ఈ రెండింటి విషయంలో నీరు పెట్టకపోవడమే పని. నవంబరు, డిసెంబరులలో మామిడికి నీరు పెడితే పూతకు బదులు కొత్త చిగురు వస్తుంది. పిందె బఠాణీ గింజంత అయిన తరువాతే నీరు మొదలుపెట్టాలి. పూతపై బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి చల్లుతారు. తేనెమంచు పురుగును కూడా అప్పుడే గమనించాలి.

మల్లెకు కొన్ని వారాలు నీరు ఆపి, ఆకు రాల్చి, పొదను మోకాలి ఎత్తుకు కత్తిరించాలి. తరువాత గొప్పు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, నీరు పెడితే వేసవి మొదలయ్యేసరికి మొగ్గ తొడుగుతుంది. కత్తిరించడానికి మనసొప్పక వదిలేసిన పొద ఆకుతో గుబురుగా ఉంటుంది గాని పూలు పలుచబడతాయి. బంతి, చేమంతి, డిసెంబరాలు ధనుర్మాసమంతా పూస్తాయి. బంతిలో వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచాలి. విత్తనానికి మాత్రం రెండు మూడు పూలను చెట్టునే ఎండనివ్వాలి.