పారాహుషార్ నుంచి పన్నెండు వోల్టుల దాకా

1853 జూన్ 21న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సోమర్‌విల్ అనే ఊళ్ళో ఉండే ఆగస్టస్ రసెల్ పోప్ అనే మతబోధకుడికి ఒక పేటెంటు వచ్చింది. తలుపులకీ కిటికీలకీ తీగలు తగిలించి, వాటిని ఒక బ్యాటరీకీ విద్యుదయస్కాంతానికీ కలిపాడాయన. తలుపు మూసి ఉన్నంతసేపూ కరెంటు పారదు. తెరిస్తే సర్క్యూటు పూర్తవుతుంది, గంట మోగుతుంది. కరెంటుతో నడిచే దొంగల అలారం చరిత్రను మామూలుగా ఇక్కణ్ణుంచే మొదలుపెడతారు. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని వ్యాపారం చేశాడు.

పోప్ ఏర్పాటులో ఒక చిక్కుంది. రాత్రంతా గంట మోగలేదంటే దొంగ రాలేదనుకోవచ్చు. బ్యాటరీ చచ్చిపోయి ఉన్నా గంట మోగదు. మంచం మీద పడుకున్న మనిషికి ఈ రెండు నిశ్శబ్దాలకీ తేడా తెలియదు. అలారాల చరిత్రంతా ఈ తేడా తెలుసుకోవడానికి పడ్డ తిప్పలే అని నాకనిపిస్తుంది. అలా చూస్తే కథ ఇంకా వెనక నుంచి, మన ఊళ్ళ నుంచి చెప్పుకోవాలి.

బ్రిటిష్ పార్లమెంటు కమిటీ 1812లో ఇచ్చిన ఐదో నివేదికలో దక్షిణాది గ్రామోద్యోగుల జాబితా ఉంది. నేరాల ఆచూకీ తీయడం, బాటసారుల్ని ఊరు దాటించడం తలారి పని అని అందులో రాశారు. 1816లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన 11వ రెగ్యులేషన్ తలారుల్ని గ్రామపెద్ద కింద పోలీసు పనిలో పెట్టింది. అంతకుముందు నుంచీ ఉన్న కావలి పద్ధతిలో, సొత్తు పోతే కావలివాడే దాని విలువ కట్టివ్వాలన్న కట్టుబాటు కూడా ఉండేది.

గస్తీ తిరిగేవాడు ‘పారాహుషార్’ అని అరిచేది దొంగని బెదిరించడానికే అనుకుంటాం. ఆ కేకకి ఇంకో పనుంది. జాముకోసారి అది వినపడితే కావలి మెలకువగా ఉన్నట్టు. ఒక జాము వినపడలేదంటే ఊరికి అదే హెచ్చరిక. మా సర్వర్లు కూడా ఇదే చేస్తాయి: అన్నీ బాగున్నప్పుడే ‘బతికే ఉన్నా’ అని పదేపదే కబురు పంపుతాయి. దాన్ని మేం హార్ట్‌బీట్ అంటాం.

విద్యుత్తులో ఆ కేకకి సాటి వచ్చేది మూసిన సర్క్యూటు. ఇందులో తీగల్లో కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటుంది. తలుపు తెరిచినా, తీగ కోసినా అది ఆగిపోతుంది, ఆగడమే సూచన. 1872లో విలియం రాబిన్సన్ రైలు పట్టాలకి పేటెంటు తీసుకున్నది ఈ సూత్రం మీదే: పట్టా విరిగినా బ్యాటరీ అయిపోయినా సిగ్నల్ ‘ఆగు’ అనే చూపిస్తుంది. దీనికి ఖరీదు బ్యాటరీ చెల్లించాలి. 1866 నాటి లెక్లాంషే సెల్ ఎప్పుడో ఒకసారి గంట కొట్టడానికి బాగానే ఉండేది కానీ, రాత్రీ పగలూ ఆగకుండా కరెంటు ఇవ్వమంటే నీరసించిపోయేది. అందుకు 1836 నాటి డేనియల్ సెల్ జాతివి కావాల్సి వచ్చేవి. నిశ్శబ్దాన్ని నమ్మాలంటే బ్యాటరీని పోషించాలి.

ఈ లెక్క ఇప్పటికీ తీరలేదు. తిరువూరు, మైలవరం మధ్య ఉన్న మా ఎ.కొండూరులో ఇంటికి పెట్టించిన అలారం ఇంటి కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే ఆదుకోడానికి లోపల 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ ఉంటుంది. సీసపు బ్యాటరీ 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టినది. మామిడికాయలు రాలగొట్టే ఈదురుగాలి వస్తే మా ఊళ్ళో ముందు పోయేది కరెంటే. ఒకసారి అలా పోయిన పది నిమిషాలకి పెట్టె కుయ్ కుయ్ మని, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. ఇంట్లో అమ్మ ఒక్కతే. “అది అరిస్తే భయం, అరవకపోతే ఇంకా భయంరా” అంది ఫోన్లో.

కరెంటు ఉన్నంతసేపూ పెట్టె మీద పచ్చలైటే. మీటరు పెడితే 13.6 వోల్టులు చూపించింది. కానీ అది ఛార్జరు వోల్టేజి, బ్యాటరీ సత్తువ కాదు. మెయిను ఆపి సైరన్ మోగించి చూస్తే రెండు నిమిషాల్లో 11 కిందికి జారింది. ఇలాంటి బ్యాటరీ మామూలుగా మూడు నుంచి ఐదేళ్ళు వస్తుంది. 25 డిగ్రీలు దాటాక వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రేకుల కింద పెట్టిన పెట్టెకి మే నెల చాలు. పైగా పూర్తిగా ఖాళీ అయి అలాగే ఉండిపోతే సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ ఛార్జు పట్టదు. కొత్తది వేసేముందు ఫ్యూజు, తుప్పు పట్టిన కొసలు, ఛార్జింగు వోల్టేజి 13.5 నుంచి 13.8 మధ్య ఉందా అన్నదీ చూడాలి. లేకపోతే కొత్తదీ ఆ దారే పడుతుంది.

హోమ్స్‌కి ఇదంతా అప్పుడే తెలిసినట్టుంది. ఇళ్ళ తీగలన్నీ ఒక కేంద్రానికి కలిపి, అక్కడ మనుషుల్ని కూర్చోబెట్టాడు. 1877లో బోస్టన్‌లో వాళ్ళబ్బాయి ఆ తీగల మీదే టెలిఫోన్ ఎక్స్ఛేంజి నడిపాడు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్.హెచ్.ఎం.ఎస్. కూడా అదే దారి: ఊరెళ్తూ చెబితే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు, కదలిక కనపడితే కబురు కంట్రోల్ రూముకి వెళ్తుంది. అక్కడా కెమెరాకి కరెంటుండాలి, చూసే మనిషుండాలి.

1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని తీసేసింది. పుట్టుకతో వచ్చే ఆ అధికారం పోవడం మంచిదే. తలారి చాకిరీలోనూ కులం బరువుంది, దాన్ని తలుచుకుని మురిసిపోను. కానీ ‘నిద్రపోయావా?’ అని అడగడానికి అప్పుడొక మనిషుండేవాడు. పచ్చలైటుని అలా నిలదీయలేం. అందుకే కొత్త బ్యాటరీ మీద తేదీ రాసి పెట్టాను. నెల మొదటి ఆదివారం పక్కింటి బాబాయి వచ్చి మెయిను ఆపి సైరన్ మోగిస్తాడు. వీధంతా వింటుంది. ఏ నెలైనా వినపడకపోతే నాకు ఫోన్ చెయ్యమని నలుగురికి చెప్పాను.